నిజమేనా, తగినదేనా: కలకత్తా టెస్ట్‌ట్యూబ్ బిడ్డ కేసులో ఎవరూ సరిగా అడగని రెండు ప్రశ్నలు

1978 అక్టోబరు 3న కలకత్తాలో ఒక ఆడపిల్ల పుట్టింది. దసరా రోజులు కావడంతో దుర్గ అన్న పేరుతోనే ఆ బిడ్డ లోకానికి తెలిసింది. తల్లి గర్భం వెలుపల, ప్రయోగశాలలో అండాన్ని ఫలదీకరించి, ఆ పిండాన్ని గడ్డకట్టించి నిల్వచేసి, తర్వాత గర్భాశయంలో ప్రవేశపెట్టడం వల్ల ఈ బిడ్డ పుట్టిందని డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్, ఆయన సహచరులు ప్రకటించారు. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ ఇంగ్లండులో పుట్టి అప్పటికి సరిగ్గా పది వారాలు.

మూడేళ్లు తిరగకుండానే, 1981 జూన్ 19న, ముఖోపాధ్యాయ్ ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన చెప్పింది నమ్మదగినది కాదని ప్రభుత్వ కమిటీ అప్పటికే తేల్చేసింది. ఆ తీర్పు తప్పని శాస్త్ర లోకం ఒప్పుకోవడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది.

ఈ కథను సాధారణంగా ఒక మేధావికి జరిగిన అన్యాయంగా చెబుతారు. అన్యాయం జరిగిన మాట నిజమే. అయితే ఒక పరిశోధన ఫలితాన్ని లోకం ముందు పెట్టేటప్పుడు ఎవరు పరిశీలించాలి, ఏం అడగాలి, ఏ కాగితాలు చూడాలి అనే విషయాలు ఈ కేసులో కనిపించినంత స్పష్టంగా మన దేశంలో మరెక్కడా కనిపించవు. పరిశోధనల ప్రచురణపై నైతిక పర్యవేక్షణ అనగానే దొంగల్ని పట్టుకునే పని గుర్తొస్తుంది. నిజం చెబుతున్నవారిని కాపాడే పని కూడా అదే చేయాలి. 1978 నాటి కలకత్తాలో ఆ రెండో పని చేయగల ఏర్పాటు లేదు.

ఆయన చేసిందేమిటి?

ముఖోపాధ్యాయ్ 1931లో హజారీబాగ్‌లో పుట్టారు. కలకత్తాలో వైద్యం చదివి, పునరుత్పత్తి శరీరధర్మ శాస్త్రంలో అక్కడే ఒక పీహెచ్‌డీ, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో హార్మోన్ల మీద రెండో పీహెచ్‌డీ చేశారు. దుర్గ పుట్టేనాటికి బాంకురా సమ్మిలని మెడికల్ కాలేజీలో ఆచార్యులు. ఆయనతో పనిచేసినవారు ఇద్దరు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన సునీత్ ముఖర్జీకి పదార్థాలను అతిశీతల స్థితిలో నిల్వచేయడం తెలుసు. సరోజ్ కాంతి భట్టాచార్య స్త్రీ వ్యాధుల వైద్యులు. చేతిలో ఉన్నవి చాలా మామూలు పరికరాలు.

ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో అనుసరించిన దారి వేరు. లూయీ బ్రౌన్ విషయంలో వాళ్లు తల్లికి హార్మోన్లు ఇవ్వలేదు. సహజంగా ఆ నెలలో పక్వమైన ఒకే ఒక్క అండాన్ని లాపరోస్కోపీ ద్వారా తీశారు. ముఖోపాధ్యాయ్ హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు పక్వమయ్యేలా చేశారు. యోని మార్గంలో చిన్న కోత ద్వారా వాటిని సేకరించారు. హార్మోన్లు వాడిన నెలలో గర్భాశయం లోపలి పొర పిండాన్ని నిలుపుకోవడానికి అనువుగా ఉండకపోవచ్చని ఆయన భావించారు. అందుకే ఎనిమిది కణాల దశలో ఉన్న పిండాన్ని గడ్డకట్టించి, 53 రోజులు నిల్వ ఉంచి, తర్వాతి సహజ రుతుచక్రంలో కరిగించి గర్భాశయంలో పెట్టారు. గడ్డకట్టే నీరు కణాలను చీల్చేయకుండా డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవాన్ని వాడారు.

ఈ మెట్లలో ఏదీ అప్పటికి ప్రపంచంలో మరెక్కడా మనుషుల్లో బిడ్డ పుట్టేదాకా వెళ్లలేదు. హార్మోన్లతో అండాలను పెంచి చేసే పద్ధతి అమెరికాలో 1981లో ఫలించింది. గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుట్టడం ఆస్ట్రేలియాలో 1984లో సాధ్యమైంది. ఇవాళ ఏ ఊరి సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లినా ఈ రెండూ రోజువారీ పనులే. 1978లో ఇవన్నీ ఒక్క దెబ్బకు సాధించామని బాంకురా నుంచి ఒక ఆచార్యుడు చెప్పడం వినడానికి నమ్మశక్యంగా లేదు. సందేహించినవాళ్లది తప్పనలేం. శాస్త్రం పని సందేహించడమే.

కమిటీ కూర్చుంది

అక్టోబరులో పత్రికల్లో వార్తలు వచ్చాయి. ముఖోపాధ్యాయ్ అదే నెలలో రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టరుకు ఒక నివేదిక ఇచ్చారు. నవంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. దానికి అధ్యక్షత వహించింది ఒక రేడియో భౌతిక శాస్త్రవేత్త. సభ్యుల్లో స్త్రీ వ్యాధుల నిపుణులు, శరీరధర్మ శాస్త్రజ్ఞులు, నాడీ వ్యవస్థ మీద పనిచేసేవారు ఉన్నారు. మానవ పిండాన్ని ప్రయోగశాలలో పెంచిన అనుభవం గానీ, గడ్డకట్టించిన అనుభవం గానీ ఉన్నవారు ఒక్కరూ లేరు.

అలాంటివారు ఆనాడు దేశంలో దొరకడం కష్టమే. విదేశాల్లో మాత్రం ఉన్నారు. ప్రయోగ వివరాలను వాళ్లకు పంపి అభిప్రాయం అడగవచ్చు. అది జరగలేదు. ఆయన చెప్పింది నమ్మదగినది కాదని కమిటీ తేల్చింది. 1979 ఆరంభంలో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం తన పని గురించి మాట్లాడమని పిలిస్తే, ప్రభుత్వ ఉద్యోగి అయిన ముఖోపాధ్యాయ్‌కు సెలవు ఇవ్వలేదు. విషయం తెలిసినవాళ్ల ముందు నిలబడి ప్రశ్నలు ఎదుర్కొనే అవకాశం అలా చేజారింది. 1981లో ఆయనను కలకత్తాలోనే కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోన్ల మీద జీవితమంతా పనిచేసిన మనిషికి అక్కడ చేయడానికి ఏముంటుంది? బదిలీ అయిన కొద్ది రోజులకే ఆయన చనిపోయారు.

ఒక పరిశోధనను పరిశీలించేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండు. మొదటిది, ఇది నిజమేనా? రెండోది, ఇది తగిన రీతిలో జరిగిందా? మొదటిదానికి జవాబు చెప్పవలసింది ఆ రంగంలో పనిచేస్తున్న తోటి శాస్త్రవేత్తలు. రెండోదానికి వైద్యులు, న్యాయం తెలిసినవారు, మామూలు మనుషులు కలిసి కూర్చోవాలి. తల్లికి ఏం చెప్పారు, ప్రమాదం ఎంత ఉందని వివరించారు, ఆమె ఒప్పుకున్నట్టు రాతలో ఉందా, కుటుంబం పేరు గోప్యంగా ఉంచే ఏర్పాటు ఏమిటి అన్నవి ఇందులోకి వస్తాయి. కలకత్తా కమిటీ మొదటి ప్రశ్నకు అర్హత లేకుండా జవాబు చెప్పింది. రెండో ప్రశ్న ఎవరి పనీ కాకుండా మిగిలిపోయింది.

ముఖోపాధ్యాయ్ వైపు కూడా లోటు ఉంది. దాన్ని దాచి ఆయనను పూజించడం వల్ల ప్రయోజనం లేదు. ఆయన బృందం ముద్రించినది అతిశీతల శాస్త్రానికి సంబంధించిన ఒక భారతీయ జర్నల్లో 1978లో వచ్చిన క్లుప్తమైన నివేదిక. మరొకరు చదివి ఆ ప్రయోగాన్ని తిరిగి చేయగలిగినంత వివరం దానిలో లేదు. పూర్తి పత్రం రాకముందే వార్త పత్రికలకెక్కింది. ఆ తల్లిదండ్రులు తమ పేర్లు బయటికి రాకూడదని కోరుకున్నారు. గర్భం దాల్చలేకపోవడం ఇంటి గుట్టుగా ఉండే కాలం అది. వాళ్ల మాట నిలబెట్టాలంటే ప్రధాన సాక్ష్యాన్ని దాచాలి. ఈ చిక్కును విప్పే పద్ధతి ఇప్పుడు ఉంది. రోగి పేరు, ముఖం బయటపెట్టకుండానే రికార్డులను పరిశీలకులు రహస్యంగా చూడవచ్చు. ప్రచురణకు రోగి విడిగా రాతపూర్వక సమ్మతి ఇవ్వాలి. చికిత్సకు ఒప్పుకోవడం వేరు, తన వివరాలు అచ్చులో రావడానికి ఒప్పుకోవడం వేరు. దుర్గ తన అసలు పేరుతో జనం ముందుకు వచ్చింది 25 ఏళ్ల వయసులో, తనకు తానుగా.

ఇంగ్లండులో ఎందుకు నమ్మారు?

లూయీ బ్రౌన్ విషయంలోనూ వివరాలు వెల్లువెత్తలేదు. స్టెప్టో, ఎడ్వర్డ్స్ 1978 ఆగస్టులో లాన్సెట్ జర్నల్‌కు ఒక చిన్న లేఖ మాత్రమే రాశారు. పూర్తి వివరాలు లేవని తోటి వైద్యులు గొణిగారు కూడా. అయినా జనం నమ్మడానికి కారణం ఆ లేఖకు వెనుక ఉన్న జాడ. శరీరం బయట మానవ అండాన్ని ఫలదీకరించిన విషయాన్ని ఎడ్వర్డ్స్ 1969లోనే నేచర్ జర్నల్లో ప్రచురించారు. ఆ తర్వాతి మెట్లూ ఒక్కొక్కటిగా అచ్చయ్యాయి. వాటి మీద వాదోపవాదాలు నడిచాయి. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 1971లో వాళ్లకు దీర్ఘకాలిక నిధులు నిరాకరించింది. పని తగినదేనా అన్న సందేహం ఆ నిర్ణయంలో ఉంది. అంటే బిడ్డ పుట్టడానికి ముందే నిజమా అన్న ప్రశ్న, తగునా అన్న ప్రశ్న రెండూ బహిరంగంగా చర్చకు వచ్చాయి. పరిశోధకులకు అది చికాకే అయినా చివరికి వాళ్లను నిలబెట్టింది ఆ చర్చే.

ముఖోపాధ్యాయ్‌కు హార్మోన్ల మీద ప్రచురణలు ఉన్నాయి గానీ మానవ పిండం మీద అటువంటి జాడ లేదు. ఆయన ముందస్తుగా ఎవరి అనుమతి తీసుకుని ఉండాలి అని అడిగితే, జవాబు ఇబ్బందికరంగానే ఉంటుంది. అడగడానికి అప్పట్లో మన దేశంలో తలుపే లేదు.

జర్నల్ గుమ్మం దగ్గర కాపలా

మనుషులపై చేసే పరిశోధనల్లో జర్నళ్లకు బాధ్యత ఉందన్న ఆలోచన మరీ పాతది కాదు. 1966లో అమెరికాలో హార్వర్డ్ మత్తు వైద్య నిపుణుడు హెన్రీ బీచర్ ఒక వ్యాసం రాశారు. రోగులకు తెలియకుండా, వాళ్ల ప్రాణాలను ప్రమాదంలో పెట్టి చేసిన 22 పరిశోధనలను అందులో ఉదహరించారు. అవి ఎక్కడో చీకట్లో జరిగినవి కావు. పేరున్న సంస్థల్లో జరిగి, పేరున్న జర్నళ్లలో అచ్చయినవి. సంపాదకులు, సమీక్షకులు చదివి, లెక్కలు సరిచూసి, ముద్రించారు. రోగిని అడిగారా అని ఒక్కరూ అడగలేదు. అనైతికంగా సంపాదించిన ఫలితాలను ప్రచురించకూడదని బీచర్ వాదించారు.

ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకిలో ఒక ప్రకటన చేసింది. దాన్ని 1975లో టోక్యోలో సవరించినప్పుడు రెండు కొత్త విషయాలు చేర్చింది. ప్రయోగ ప్రణాళికను పరిశోధకుడితో సంబంధం లేని స్వతంత్ర కమిటీ ముందే చూడాలి. ఈ సూత్రాలకు విరుద్ధంగా జరిగిన ప్రయోగాల నివేదికలను ప్రచురణకు స్వీకరించకూడదు. రెండో నిబంధన పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పరిశోధకుడికి కావలసింది ప్రచురణ. పదోన్నతి, నిధులు, పేరు అన్నీ దాని వెంటే వస్తాయి. కాబట్టి ఆ గుమ్మం దగ్గర కాపలా పెడితే, ఆస్పత్రి వార్డులో జరిగేదాని మీద కూడా ప్రభావం ఉంటుంది.

భారత వైద్య పరిశోధనా మండలి, అంటే ఐసీఎంఆర్, మనుషులపై పరిశోధనలకు తొలి నైతిక విధాన ప్రకటనను 1980లో వెలువరించింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అధ్యక్షతన అది తయారైంది. దుర్గ పుట్టిన రెండేళ్ల తర్వాత, ముఖోపాధ్యాయ్ చనిపోవడానికి ఏడాది ముందు. 2000లో వివరమైన మార్గదర్శకాలు వచ్చాయి. 2006లోనూ 2017లోనూ వాటిని సవరించారు. ఔషధ పరీక్షల విషయంలో 2019 నియమాలతో ఎథిక్స్ కమిటీల నమోదుకు చట్టబద్ధత ఉంది. పిండాలతో చేసే చికిత్సలకు 2021లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

ఇప్పటి ఎథిక్స్ కమిటీని 1978 నాటి విచారణ కమిటీ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివారు కావాలి. అధ్యక్షుడు తప్పనిసరిగా బయటివ్యక్తే. వైద్యులతోపాటు న్యాయ నిపుణుడు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, ఏ శాస్త్రంతోనూ సంబంధం లేని మామూలు మనిషి ఉంటారు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉందో లేదో చెప్పగలిగేది చాలాసార్లు ఆ మామూలు మనిషే. విషయం కొత్తదైతే ఆ రంగం నిపుణులను పిలిపించి అడగవచ్చు. పరిశోధనలో స్వప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ చర్చ నుంచి తప్పుకోవాలి. అన్నిటికీ మించి, ఈ పరిశీలన పని మొదలుకాకముందే జరుగుతుంది. బిడ్డ పుట్టాక నిజమా అబద్ధమా అని తీర్పు చెప్పడం దాని పని కాదు.

అదే నగరం, మరో రకం పరిశోధన

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడటానికి కలకత్తా దాటి వెళ్లనక్కర్లేదు. కలరా, టైఫాయిడ్ ఆ నగరపు బస్తీలకు పాత చుట్టాలు. ఈ శతాబ్దం మొదటి దశకంలో అక్కడ రెండు పెద్ద టీకా పరీక్షలు జరిగాయి. నగరంలోని జాతీయ కలరా, అతిసార వ్యాధుల సంస్థ, దక్షిణ కొరియాలోని అంతర్జాతీయ టీకా సంస్థ కలిసి వీటిని నడిపాయి.

నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా పరీక్షలో సుమారు 67 వేల మంది రెండు మోతాదులు తీసుకున్నారు. కొందరికి టీకా, మిగిలినవారికి ప్లాసిబో, అంటే మందు గుణం లేని ద్రవం. ఎవరికి ఏది అందిందో ఇచ్చేవారికీ తెలియదు, తీసుకునేవారికీ తెలియదు. పరీక్ష వివరాలను ఒక బహిరంగ రిజిస్టరులో నమోదు చేశారు. రెండేళ్ల పరిశీలనలో టీకా సుమారు 67 శాతం రక్షణ ఇచ్చిందని 2009లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఆ టీకా తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2011లో వచ్చింది.

టైఫాయిడ్ టీకా పరీక్షలో 37,673 మంది పాల్గొన్నారు. ఇక్కడ రెండో వర్గానికి ఉత్తుత్తి మందు ఇవ్వలేదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ నుంచి కాపాడే టీకా ఇచ్చారు. పరీక్షకు అదీ పనికొస్తుంది, ఎందుకంటే ఆ టీకాకు టైఫాయిడ్‌తో సంబంధం లేదు. కానీ సూది పొడిపించుకున్న ప్రతి మనిషికీ ఏదో ఒక మేలు దక్కింది. ఒకే నగరం, దాదాపు అదే కాలం, అదే తరహా బస్తీలు. పోలికగా ఏం ఇవ్వాలన్న ప్రశ్నకు రెండు పరీక్షల్లో రెండు జవాబులు. ఎథిక్స్ కమిటీలు తలలు పట్టుకునేది ఇలాంటి చోటే. నియమాల పుస్తకం తెరిస్తే తెమిలే వ్యవహారం కాదిది.

ముందస్తు నమోదు గురించి ఒక మాట చెప్పుకోవాలి. పరీక్ష మొదలుకాకముందే ఏం కొలుస్తామో బహిరంగంగా రాసిపెట్టకపోతే, ఫలితం అనుకున్నట్టు రానప్పుడు కొలత మార్చేయవచ్చు, లేదా పత్రాన్నే బీరువాలో పెట్టేయవచ్చు. అందుకే 2005 నుంచి ప్రధాన వైద్య జర్నళ్ల సంపాదకులు నమోదు కాని పరీక్షల ఫలితాలను తీసుకోవడం మానేశారు. భారత్‌లో ఇలాంటి రిజిస్టరు 2007లో మొదలై, 2009 జూన్ నుంచి ఔషధ పరీక్షలకు తప్పనిసరి అయింది. ఇక్కడ కూడా తాళం జర్నల్ చేతిలోనే ఉంది.

ఒక్క వాక్యాన్ని ఎంత నమ్మవచ్చు?

ఇప్పుడు వైద్య పరిశోధన పత్రం దేన్ని తెరిచినా, ఎథిక్స్ కమిటీ అనుమతించిందని ఒక వాక్యం కనిపిస్తుంది. చాలా జర్నళ్లు అనుమతి సంఖ్య కూడా అడుగుతాయి. అయితే సంపాదకుడు ఆస్పత్రికి వెళ్లి ఫైళ్లు తిరగేయడు. ఆ వాక్యం నిజమని నమ్ముతాడు.

నమ్మకం వమ్మైతే ఏమవుతుందో 1998లో లాన్సెట్‌లో వచ్చిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పత్రం చూపించింది. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న భయాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసిన పత్రం అది. పరిశీలించింది 12 మంది పిల్లలను. స్థానిక ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందని అందులో రాశారు. అది అబద్ధమని బ్రిటన్ వైద్య మండలి విచారణలో తేలాక, 2010 ఫిబ్రవరిలో జర్నల్ ఆ పత్రాన్ని ఉపసంహరించింది. అప్పటికి పన్నెండేళ్లు గడిచాయి. టీకా వేయించకుండా ఆగిపోయిన తల్లిదండ్రులను ఏ ఉపసంహరణా వెనక్కి తీసుకురాలేదు.

తెలుగు నేల మీద కూడా ఒక కేసు ప్రపంచం దృష్టికి వెళ్లింది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర ఆచార్యుడు ఒకరు విదేశీ జర్నళ్లలో అచ్చు వేయించిన సుమారు 70 పత్రాలు ఇతరుల నుంచి ఎత్తిరాసినవో, కల్పించినవో అని 2008లో బయటపడింది. అవన్నీ తోటి శాస్త్రవేత్తల సమీక్ష దాటుకుని వచ్చినవే. సమీక్షకుడు సాధారణంగా జీతం లేకుండా, తన పని మధ్యలో తీరిక చేసుకుని చదువుతాడు. తర్కం తప్పితే పట్టుకుంటాడు. అంకెలు ప్రయోగశాలలో పుట్టాయో, కుర్చీలో కూర్చుని రాశారో కాగితం చూసి చెప్పడం అతనికి చాలాసార్లు అసాధ్యం. అది తెలియాలంటే ప్రయోగ పుస్తకాలు చూడాలి, విద్యార్థులను అడగాలి. ఆ అధికారం జర్నల్‌కు లేదు. పరిశోధకుడు పనిచేసే సంస్థకే ఉంది. తన ఇంటి పరువు గురించి తనే విచారణ జరపవలసిన సంస్థ ఎంత చురుగ్గా కదులుతుందన్నది ఎవరైనా ఊహించగలిగేదే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నియమాలు ఈ లోటును కొంత పూడ్చాయి. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో 40 శాతం వరకు ఉంటే సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. 60 శాతం వరకు ఉంటే ఏడాది నిషేధం, దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కంప్యూటరు కొలవగలిగింది కాబట్టి మాటల దొంగతనం శాతాల్లోకి వచ్చింది. పూర్తిగా కల్పించిన పట్టికకు మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ సున్నా శాతం పోలిక చూపించి క్లీన్ చిట్ ఇస్తుంది.

పంతొమ్మిదేళ్ల తర్వాత జరిగిన సమీక్ష

తప్పుడు పత్రాన్ని ఉపసంహరించడం ఒక రకం దిద్దుబాటు. ప్రచురణ నీతి కమిటీ అనే అంతర్జాతీయ సంస్థ 1997లో బ్రిటన్‌లో మొదలైంది. దిద్దుబాటు, ఆందోళన ప్రకటన, ఉపసంహరణ ఎప్పుడెప్పుడు చేయాలో సంపాదకులకు దారి చూపుతుంది. శిక్షించడం కన్నా, తర్వాత చదివేవారు మోసపోకుండా చూడటమే దాని లక్ష్యం. తప్పుగా కొట్టిపారేసిన పనిని తిరిగి నిలబెట్టడం రెండో రకం దిద్దుబాటు. దానికి ఇంత చక్కటి నియమావళి లేదు. ముఖోపాధ్యాయ్ విషయంలో అది జరగడానికి ఒక మనిషి పూనుకోవలసి వచ్చింది.

ఆ మనిషి టి.సి. ఆనంద్ కుమార్. బొంబాయిలోని ఐసీఎంఆర్ పునరుత్పత్తి పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. డాక్టర్ ఇందిరా హిందూజాతో కలిసి ఆయన చేసిన కృషి వల్ల 1986 ఆగస్టు 6న బొంబాయి కెఇఎం ఆస్పత్రిలో హర్ష అనే బిడ్డ పుట్టింది. భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుగా రికార్డులకెక్కింది ఆ బిడ్డే. అంటే ముఖోపాధ్యాయ్ చెప్పింది అబద్ధమైనంత కాలమే ఆ మొదటి స్థానం ఆనంద్ కుమార్ బృందానిది.

1997లో కలకత్తాకు వచ్చినప్పుడు ముఖోపాధ్యాయ్ కాగితాలు ఆయన చేతికి అందాయి. చేతిరాత నోట్సు, ఆనాడు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక, ఉత్తర ప్రత్యుత్తరాలు. 1978 కమిటీకి లేని అర్హత ఆనంద్ కుమార్‌కు ఉంది. ఈ పని ఆయన స్వయంగా చేసినవాడు. ఎక్కడ చేయి వణుకుతుందో, ఏ మెట్టు దాటడం కష్టమో తెలిసినవాడు. ఆ కాగితాలు చదివి, ఈ వివరాలు చేసినవాడు మాత్రమే రాయగలడని నిర్ధారణకు వచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కరెంట్ సైన్స్ జర్నల్లో వ్యాసం రాసి, భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు సృష్టికర్త సుభాష్ ముఖోపాధ్యాయ్ అని ప్రకటించారు. స్వప్రయోజనం ఉన్నవారు సమీక్షకు కూర్చోకూడదని నియమాలు చెబుతాయి. ఇక్కడ సమీక్షకుడు తన ప్రయోజనానికి విరుద్ధంగా తీర్పు చెప్పాడు.

ఆ తర్వాత ఐసీఎంఆర్ కూడా ముఖోపాధ్యాయ్ కృషిని గుర్తించింది. ఆ గుర్తింపుకు ఆధారమైనవి ఏ కమిటీ ముందూ నిలవని ఆ కాగితాలే. నేటి మార్గదర్శకాలు పరిశోధన రికార్డులను, సమ్మతి పత్రాలను పని ముగిశాక కూడా కొన్నేళ్లపాటు సంస్థే భద్రపరచాలని అడుగుతాయి. కలకత్తాలో వాటిని భద్రపరిచిన సంస్థ ఏదీ లేదు.